పార్టీల బడ్జెట్ డిమాండ్లను పద్దులతో సరిచూసుకోవడం ఎలా?

ఏటా ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ లోక్‌సభ ముందుకు వస్తుంది. ఆ తరువాతి పది పదిహేను రోజులూ విజయవాడలో గాంధీనగర్, గవర్నర్‌పేట హాళ్లలోనూ, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపునా రౌండ్ టేబుల్ సమావేశాలు ఒకదాని వెంట ఒకటి జరుగుతూనే ఉంటాయి. ప్రతి పార్టీ, ప్రతి ప్రజాసంఘం ఒక కరపత్రం పంచుతుంది. విద్యకు పెంచాలి, వైద్యానికి పెంచాలి, పోలవరానికి పూర్తిగా ఇవ్వాలి, మిర్చి రైతును ఆదుకోవాలి అని అందులో ఉంటుంది. వీటిలో కాదనదగ్గ కోరిక ఒక్కటీ ఉండదు. సరిగ్గా అందువల్లనే, ఏ పార్టీ నిజంగా దేనికి ముందుచోటు ఇస్తున్నదో వినేవారు తేల్చుకోలేకపోతున్నారు.

ప్రాధాన్యం అంటే వరుస. పది పనులు కావాలనడం ప్రాధాన్యం కాదు. పదింటిలో ముందు ఏది, ఆ డబ్బు ఏ పద్దులోకి రావాలి, ఎక్కడి నుంచి రావాలి అని చెప్పగలిగినప్పుడే అది ఒక పార్టీ అభిప్రాయం అవుతుంది. అధికారపక్షమైనా ప్రతిపక్షమైనా ఈ కొలత ఒక్కటే. ఆ కొలతతో ఒక కరపత్రాన్ని ఇంట్లో కూర్చుని ఎలా పరీక్షించవచ్చో, పదేళ్లకు పైగా ఇలాంటి సమావేశాలకు వెళ్లి రాసుకున్న అనుభవంతో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ఏ పుస్తకం తెరవాలి

బడ్జెట్ అంటే ఆర్థికమంత్రి ప్రసంగం అని చాలామంది అనుకుంటారు. ప్రసంగం వినదగ్గదే కానీ, డబ్బు లెక్క అందులో ఉండదు. రాజ్యాంగం 112వ అధికరణ ప్రకారం సభ ముందు పెట్టేది వార్షిక ఆర్థిక వివరణ పత్రం. 113వ అధికరణ ప్రకారం శాఖలవారీగా లోక్‌సభ ఓటుకు పెట్టేవి గ్రాంట్ల డిమాండ్లు, వాడుకలో పద్దులు. ఇవన్నీ ఇండియాబడ్జెట్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ప్రసంగం ముగిసిన కొద్దిసేపటికే ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు, హిందీ భాషల్లోనే ఉంటాయి కనుక తెలుగు పాఠకులు కొంత ఓర్పు చూపాలి. అయితే చూడవలసింది ఎక్కువగా అంకెలే.

మొత్తం చిత్రం కోసం 'బడ్జెట్ ఒక చూపులో' అన్న అర్థం వచ్చే చిన్న పుస్తకం, పథకాలవారీ అంకెల కోసం 'వ్యయ బడ్జెట్' అన్న పెద్ద పుస్తకం తీసుకుంటే చాలు. పద్దులు వందకు పైగా ఉంటాయి. మొదటి పద్దు వ్యవసాయ, రైతు సంక్షేమ శాఖదే కాబట్టి మన జిల్లాలవారికి అలవాటు చేసుకోవడానికి అదే అనువైన చోటు. కరపత్రంలో ఉన్న ప్రతి కోరిక పక్కనా అది ఏ శాఖ పద్దులోకి వస్తుందో పెన్సిలుతో రాసుకోవాలి. ఏ పద్దులోకీ రాని కోరికలు కొన్ని తేలతాయి. ధరలు తగ్గించాలన్నది అలాంటిది. అవి తప్పని కాదు, కానీ వాటిని ఖర్చు ప్రాధాన్యాల్లో లెక్కించకూడదు.

ఏ వరుసతో పోలుస్తున్నారు

ఈ మెళకువ ఒక్కటి పట్టుబడితే సగం పని అయినట్టే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వ్యయ బడ్జెట్‌లో ప్రతి పథకానికి ఎదురుగా నాలుగు నిలువు వరుసలు ఉంటాయి. మొదటిది రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం. రెండోది, మూడోది నడుస్తున్న ఏడాదికి వేసిన బడ్జెట్ అంచనా, దాన్ని మధ్యలో సవరించిన అంచనా. నాలుగోది రాబోయే ఏడాదికి బడ్జెట్ అంచనా.

2025 ఫిబ్రవరిలో ఒకే వారంలో రెండు వేర్వేరు సమావేశాల్లో కూర్చున్నాను. ఇంటింటికి కుళాయి నీరు ఇచ్చే జల్‌జీవన్ మిషన్‌కు నిధులు దాదాపు మూడు రెట్లు పెంచారని ఒక వక్త అన్నారు. అదే పథకానికి మూడు వేల కోట్లకు పైగా కోత పెట్టారని మరో వక్త అన్నారు. ఒకరు అబద్ధం చెబుతున్నారని నిర్ణయించుకుని ఇంటికి వచ్చి, మా వీధిలోనే ఉండే, ట్రెజరీ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన దగ్గరికి పుస్తకం పట్టుకుని వెళ్లాను.

"అమ్మాయ్, ముందు ఆయన ఏ గడితో పోల్చారో, ఈయన ఏ గడితో పోల్చారో చెప్పు" అన్నారాయన.

"అది చెప్పలేదు బాబాయ్‌గారూ."

"అయితే ఇద్దరూ సగమే చెప్పారు. ఇదిగో, వేలు పెట్టి చూడు."

ఆయన చూపించిన వరుస ఇది. 2023-24లో వాస్తవంగా అయిన ఖర్చు దాదాపు రూ.70,000 కోట్లు. 2024-25 బడ్జెట్ అంచనా రూ.70,163 కోట్లు. అదే ఏడాది సవరించిన అంచనా రూ.22,694 కోట్లు. 2025-26 బడ్జెట్ అంచనా రూ.67,000 కోట్లు. మొదటి వక్త 67,000ను 22,694తో పోల్చారు, రెండో వక్త 70,163తో పోల్చారు. ఇద్దరి అంకెలూ పుస్తకంలోనివే. కానీ పల్లెలో కుళాయి కోసం ఎదురుచూసే ఇల్లాలికి కావలసిన సంగతి ఇద్దరూ వదిలేశారు. డెబ్బై వేల కోట్లు ఇస్తామన్న ఏడాదిలో మూడో వంతు కూడా ఖర్చు కాబోవడం లేదని ప్రభుత్వమే ఒప్పుకున్నది. అడగవలసిన ప్రశ్న పెంచారా, తగ్గించారా అన్నది కాదు, ఆ డబ్బు ఎందుకు కదలలేదన్నది. అప్పటి నుంచీ ఏ పార్టీ పత్రం చేతికి వచ్చినా ముందుగా వెతికేది వారు ఏ వరుసను ఏ వరుసతో పోల్చారన్నదే.

దీనికి తలకిందులైన సందర్భమూ ఉంది. గ్రామీణ ఉపాధి హామీకి 2023-24లో బడ్జెట్ అంచనా రూ.60,000 కోట్లే. ఏడాది మధ్యలో సవరించి 86,000 కోట్లు చేయవలసి వచ్చింది. కోవిడ్ ఏడాది 2020-21లో అయితే 61,500 కోట్లతో మొదలై లక్షా పదకొండు వేల కోట్లు దాటింది. పని అడిగినవారికి పని ఇవ్వాలని అప్పటి చట్టం చెప్పింది కాబట్టి మొదటి అంచనా ఎంత తక్కువగా ఉన్నా ఖర్చు పెరుగుతుందని ప్రభుత్వ పక్షం వాదించింది. తక్కువ అంచనా వల్ల కూలి చెల్లింపులు ఆలస్యమవుతాయని ప్రతిపక్షం వాదించింది. నా మట్టుకు రెండో వాదనలో ఎక్కువ బలం కనిపిస్తుంది, ఎందుకంటే కూలికి వారం గడవడం ముఖ్యం కానీ ఏడాది చివరి లెక్క కాదు. అయితే పాఠకులు రెండు వాదనలకూ ఎదురుగా వరుసలు పెట్టి చూసుకున్నాకే మాట నిర్ణయించుకోవడం మంచిది.

శాతాన్ని దేనిలో కట్టారు

వడ్డీలకే నాలుగో వంతు పోతున్నదని ఒక పార్టీ అంటుంది, రూపాయిలో ఇరవై పైసలేనని మరో పార్టీ అంటుంది. 2025-26 అంకెలతో దీన్ని విడదీయవచ్చు. కేంద్రం మొత్తం వ్యయం రూ.50.65 లక్షల కోట్లు, అందులో వడ్డీ చెల్లింపులు రూ.12.76 లక్షల కోట్లు, అంటే ఇరవై అయిదు శాతం. పత్రికల్లో గుండ్రని బొమ్మగా వేసే 'రూపాయి పోక' చిత్రంలో మాత్రం కేంద్రం వసూలు చేసి రాష్ట్రాలకు పంచే పన్నుల వాటాను, అంటే రూ.14.22 లక్షల కోట్లను కూడా కలుపుతారు. అప్పుడు మొత్తం దాదాపు 65 లక్షల కోట్లకు చేరి, వడ్డీ ఇరవై పైసలకు దిగుతుంది. రెండూ సరైన లెక్కలే, భాజకం వేరు.

ఆ పన్నుల వాటాలోనే మన రాష్ట్రానికి వచ్చేది ఉంటుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2025-26 వరకు రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలన్నది, అందులో ఆంధ్రప్రదేశ్ భాగం 4.047 శాతం. 2025-26కు అది దాదాపు రూ.57,566 కోట్లు. ఇది ఏ ప్రభుత్వమూ దయతో ఇచ్చేది కాదు. కాబట్టి ఈ మొత్తాన్ని 'కేంద్రం రాష్ట్రానికి చేసిన సాయం' జాబితాలో కలిపి చూపించే కరపత్రం వస్తే, ఆ పంక్తిని కొట్టివేసి మిగిలినది చూడాలి. అలాగే పన్ను మీద అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీలు రాష్ట్రాలకు పంచరు. కేంద్ర ఆదాయం పెరిగింది కాబట్టి రాష్ట్ర వాటా కూడా అంతే పెరగాలని వాదించే పార్టీ ఈ తేడాను చెప్పిందో లేదో గమనించాలి.

విద్యకు జాతీయాదాయంలో ఆరు శాతం ఇవ్వాలన్న కోరిక కొఠారి సంఘం కాలం నుంచీ ఉంది, 2020 జాతీయ విద్యావిధానమూ దాన్నే చెప్పింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం వైద్యానికి రెండున్నర శాతం అన్నది. ఈ రెండూ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఖర్చు కలిపి చెప్పిన లక్ష్యాలు. కేంద్ర బడ్జెట్ ఒక్కదానినే ఆ శాతంతో కొలిచి 'ఇంత తక్కువా' అనడం సరికాదు, రాష్ట్రం సంగతి ఎత్తకుండా కేంద్రాన్ని మాత్రమే నిలదీయడమూ సరికాదు.

క్రియాపదం మీద వేలు పెట్టండి

ఎన్నికల కారణంగా పూర్తి బడ్జెట్ ఆలస్యమైన 2024లో, జూలై 23న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ బడ్జెట్ ప్రసంగంలో అమరావతికి రూ.15,000 కోట్లు అన్న మాట వినగానే బెంజిసర్కిల్ నుంచి మంగళగిరి దాకా సంబరం కనిపించింది. ఆ సంబరం సహజమే. కానీ ఆ వాక్యంలోని క్రియ 'ఏర్పాటు చేస్తాం' అన్నది, అదీ బహుళపక్ష అభివృద్ధి సంస్థల ద్వారా. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు దాదాపు 79 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేశాయి. 'కేటాయిస్తున్నాం' అన్నది ఒక పద్దులో అంకెగా కనిపిస్తుంది. 'ఏర్పాటు చేస్తాం', 'తోడ్పాటు అందిస్తాం', 'కట్టుబడి ఉన్నాం' అన్నవి వేరు వేరు స్థాయుల మాటలు. కూటమి పార్టీ పత్రమైనా, దాన్ని విమర్శించే పార్టీ పత్రమైనా ఈ క్రియను దాచకుండా రాసిందా అన్నది చూడాలి. దాన్ని గ్రాంటు అని రాసినవారు ఎక్కువ చెప్పారు, ఏమీ రాలేదని రాసినవారు తక్కువ చెప్పారు.

రాష్ట్రాల మూలధన వ్యయానికి కేంద్రం ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని రుణమూ ఇలాంటిదే. 2025-26లో దీనికి అన్ని రాష్ట్రాలకూ కలిపి రూ.1.5 లక్షల కోట్లు పెట్టారు. వడ్డీ లేకపోవడం పెద్ద మేలే, అయినా అది రుణం.

పోలవరం సంగతి దీనికి భిన్నం. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 90వ సెక్షన్ దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. 2025-26లో దానికి రూ.5,936 కోట్లు పద్దులో అంకెగానే ఉన్నాయి. కాబట్టి పోలవరం గురించి ఏ పార్టీ మాట్లాడినా చట్టంలోని సెక్షన్, పద్దులోని అంకె, నిర్వాసితుల పునరావాసానికి అందులో ఎంత పోతుందన్నది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి అడగవచ్చు. మూడోదాని గురించి వేదికల మీద వినిపించేది చాలా తక్కువ, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఖర్చులో ఎవరి భాగం ఎంత

కేంద్ర ప్రాయోజిత పథకాల్లో ఎక్కువ వాటిలో కేంద్రం 60, మన రాష్ట్రం 40 శాతం భరించాలి. కేంద్రం కేటాయింపు రెట్టింపు చేయాలని కోరే పార్టీ, రాష్ట్రం పెట్టవలసిన నలభై శాతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చెప్పాలి. లేకపోతే ఢిల్లీలో మంజూరైన డబ్బు ఢిల్లీలోనే ఉండిపోతుంది.

గుంటూరు మిర్చి ఇందుకు దగ్గరి ఉదాహరణ. 2025 ఫిబ్రవరిలో యార్డులో ధర పడిపోయి రైతులు టిక్కీల (మిర్చి బస్తాల) పక్కనే పడిగాపులు పడుతున్న సమయంలో, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు రూ.11,781 ధర నిర్ణయించి, 2.91 లక్షల టన్నులకు తేడా చెల్లించేందుకు అంగీకరించింది. ఈ పథకంలో నష్టాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించడం నియమం. 'కేంద్రం మిర్చిని ఆదుకుంది' అన్నవారూ, 'రాష్ట్రమే ఆదుకోవాలి' అన్నవారూ ఈ సగాన్ని ప్రస్తావించాలి. పథకం పద్దును వెనక్కి తిప్పితే మరో సంగతి కనిపిస్తుంది. మార్కెట్ జోక్యం, మద్దతు ధర పథకాలకు కలిపి 2022-23 బడ్జెట్ అంచనా రూ.1,500 కోట్లు ఉండగా, 2023-24లో కేవలం లక్ష రూపాయలు చూపించారు. దీన్ని నామమాత్రపు కేటాయింపు అంటారు. పద్దు బతికి ఉంటుంది, అవసరమైతే తరువాత అనుబంధ పద్దుల ద్వారా డబ్బు వేస్తారు. మిర్చి, పసుపు, పత్తి మీద బతికే ప్రాంతంలో ధర పడిపోతే ఆదుకునే పద్దును ఇలా ఖాళీగా ఉంచడం మంచిదా అన్నది ప్రతి పార్టీనీ సూటిగా అడగదగిన ప్రశ్న.

డబ్బు ఎక్కడి నుంచి

పెంచాలని కోరిన ప్రతి పద్దుకూ ఎదురుగా మూడు దారులే ఉంటాయి. మరో పద్దు తగ్గించాలి, పన్ను వేయాలి, లేదా అప్పు చేయాలి. వడ్డీ చెల్లింపులను తగ్గించమని కోరడం మాత్రం దారి కాదు, ఎందుకంటే అవి కేంద్ర ఖజానా అయిన సంచిత నిధి మీద నేరుగా పడే వ్యయం, లోక్‌సభ చర్చించగలదు కానీ ఓటుతో తగ్గించలేదు. 2025-26లో ద్రవ్యలోటును, అంటే అప్పుతో పూడ్చవలసిన లోటును, స్థూల దేశీయోత్పత్తిలో 4.4 శాతంగా, రూ.15.69 లక్షల కోట్లుగా చూపారు. ఇంకా పెంచవచ్చని వామపక్షాలు అంటాయి, తగ్గించాలని ఇతరులు అంటారు. ఇది నిజమైన అభిప్రాయభేదం, దీనిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సంపద పన్నును తిరిగి తేవాలని కోరే పార్టీ కనీసం దారి చూపిస్తున్నది. ఆ పన్నును 2015 బడ్జెట్‌లో రద్దు చేసి, దాని బదులు అధికాదాయ వర్గాలపై రెండు శాతం అదనపు సర్‌ఛార్జీ వేశారన్న విషయం కూడా వారు చెబితే లెక్క పూర్తవుతుంది. ఏ దారీ చూపని పత్రాన్ని పక్కన పెట్టడానికి నేను వెనుకాడను, అది నాకు నచ్చిన పార్టీదైనా సరే.

సభలో ఏం చేశారు

కరపత్రంలో రాసినదాన్ని ఆ పార్టీ సభ్యులు సభలో అన్నారా అన్నది ఆఖరి పరీక్ష. పద్దుల మీద ఓటు లోక్‌సభకే ఉంది. రాజ్యసభ చర్చిస్తుంది, ద్రవ్యబిల్లును 14 రోజుల్లోగా తిప్పి పంపుతుంది, అంతే. 2024 ఎన్నికల తరువాత మన 25 స్థానాల్లో తెలుగుదేశానికి 16, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 4, బీజేపీకి 3, జనసేనకు 2 ఉన్నాయి. వామపక్షాలకు ఇక్కడి నుంచి ఎవరూ లేకపోయినా ఇతర రాష్ట్రాల నుంచి సీపీఎంకు నలుగురు, సీపీఐకి ఇద్దరు లోక్‌సభ సభ్యులు గెలిచారు.

ప్రతిపక్ష సభ్యుల చేతిలోని పనిముట్టు కోత తీర్మానం. ప్రభుత్వ విధానమే తప్పంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని, పొదుపు కోసమైతే నిర్దిష్టమైన మొత్తం తగ్గించాలని, ఒక ప్రత్యేక సమస్యను ఎత్తిచూపడానికైతే వంద రూపాయలు తగ్గించాలని నోటీసు ఇస్తారు. మూడో రకం మనలాంటి నగరాలకు బాగా పనికివస్తుంది. అధికార కూటమిలోని పార్టీలు ఈ పనిముట్టు వాడవు. వారి బలం బడ్జెట్‌కు ముందే, ఆర్థిక శాఖకు రాసే లేఖల్లోనూ సంప్రదింపుల్లోనూ ఉంటుంది. కాబట్టి వారిని ఆ లేఖ ప్రతి చూపించమని అడగాలి. సమావేశాల మధ్య విరామంలో శాఖల స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలిస్తాయి. సంఘానికి 31 మంది, అందులో 21 మంది లోక్‌సభ నుంచి, పది మంది రాజ్యసభ నుంచి ఉంటారు. ఆ నివేదికలు బహిరంగమే, వాటిలో సభ్యులు వేరుపడి రాసిన అభిప్రాయాలూ ఉంటాయి. గడువు రోజున చర్చకు రాని పద్దులన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలటిన్ అంటారు. మీరు పట్టించుకునే శాఖ పద్దు ఆ విధంగా పోయిందా, చర్చకు వచ్చిందా అన్నది తప్పక చూడండి.

చివరగా, వచ్చిన డబ్బు ఏమైందన్నది. రాజధాని ప్రాంతానికి విభజన తరువాత కేంద్రం ఇచ్చిన రూ.2,500 కోట్లలో 1,000 కోట్లు విజయవాడలో వాననీటి కాలువలకు, గుంటూరులో భూగర్భ డ్రైనేజీకి ఉద్దేశించినవి. గుంటూరులో ఏళ్ల తరబడి తవ్వి వదిలిన రోడ్ల మీద నడిచినవారికి, విజయవాడలో గంట వానకే మోకాలి లోతు నీటిలో స్కూటర్ నెట్టుకువచ్చినవారికి ఈ అంకె గుర్తుండాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చాలామంది వక్తలు రెండింటినీ కలిపేశారు. అది వేరే పద్దు. వాగు వరదకు రాష్ట్ర విపత్తు నిధి ఉంది, అందులో కేంద్రం 75, రాష్ట్రం 25 శాతం వేస్తాయి. నగరంలోని వాననీటి కాలువ ఆ నిధిలోకి రాదు.

అందువల్ల ఈసారి రౌండ్ టేబుల్‌కు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఒకే పథకానికి నాలుగు వరుసల అంకెలూ, పద్దు సంఖ్యా, రాష్ట్ర వాటా శాతమూ రాసుకుని వెళ్లండి. ప్రశ్నల సమయంలో దాన్ని చదివి, మీ పార్టీ నాలుగో గడిలో ఎంత ఉండాలంటున్నది, దానికి ఏ గడి తగ్గాలంటున్నది అని అడగండి. వేదిక మీది నాయకులు అప్పటికప్పుడు చెప్పలేకపోతే తప్పుపట్టవద్దు. కాగితం వారి చేతికిచ్చి, మార్చిలో సభ తిరిగి కూర్చునేలోగా రాతపూర్వకంగా సమాధానం కోరండి. లోక్‌సభలో ప్రశ్న వేయడానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి, ఆ కాగితం ఫిబ్రవరి నెల దాటకముందే మీ ఎంపీ కార్యాలయానికి చేరాలి.